పరదేశవాసమున పెద్దలకు ఆరోగ్య బీమా



కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యని మన పెద్దలు సామెత చెప్పుచుండెడివారు. ఆ కాలమున కాశికి బయలుదేరు గృహస్థు ముందుగా అప్పులు తీర్చి, పొలము పుట్ర పిల్లలకు అప్పగించి, బంధువుల యిండ్లకు పోయి వీడ్కోలు గైకొని, అటుపిమ్మట ప్రయాణమగుచుండెను. దారిలో జ్వరము వచ్చినచో సత్రములే దిక్కు. మా పెద్దాపురమున వత్సవాయివారి రాణిగారు కట్టించిన సత్రము వంటివి ఎందరు బాటసారులకో ప్రాణము నిలిపినవి.

కాశియాత్ర యొక్కటే కాదు. మన గోదావరి సీమనుండి కోరంగి రేవున ఓడలెక్కి రంగమునకు పోయినవారి కథలను మనము చిన్ననాట వినియున్నాము. రంగమనగా నేటి యాంగోన్ నగరము. మనవారు కోరంగినుండి వచ్చినవారు గనుక బర్మాదేశస్థులు వారిని కోరంగీలని పిలిచిరి. 1942 వ సంవత్సరమున జపాను సేనలు రంగమును పట్టుకొన్నప్పుడు మన దేశీయులు లక్షలకొలది అడవిదారుల వెంట కాలినడకను తిరిగివచ్చిరి. దారిలో కలరా, మలేరియా జ్వరములచే రాలిపోయినవారు అనేకులు. పరదేశమున రోగము వచ్చినచో దిక్కెవరు అను ప్రశ్న మన సీమకు కొత్తది కాదు.

నేడు దారి సుళువైనది. సామర్లకోటలో రైలెక్కి హైదరాబాదు చేరి, అచ్చట విమానమెక్కినచో ఒకటి రెండు దినములలో అమెరికాలో దిగవచ్చును. మన బిడ్డలు అచ్చట కొలువులలో నున్నారు. మనుమలను చూడవలెనని మనము పోవుచున్నాము. కొందరము ఆరుమాసములుండి వచ్చుచున్నాము. కొందరము అచ్చటనే స్థిరపడుచున్నాము. దారి మారినది గాని దేహము మారలేదు. అరువదియేండ్లు దాటిన దేహము, పెద్దాపురమున నున్నను న్యూజెర్సీలో నున్నను, అరువదియేండ్లు దాటిన దేహమే. మారినది వైద్యమునకగు వ్యయము మాత్రమే.

కావున విదేశమున బిడ్డలయొద్ద నుండదలచిన పెద్దలు ఆరోగ్య బీమాను ఎట్లు ఎంచుకొనవలెను అనునది నేటి ప్రసంగమునకు విషయము. నేను బీమా ఉద్యోగిని గాను, వైద్యుడను గాను. ముప్పదియేండ్లు పిల్లలకు తెలుగు చెప్పి విశ్రమించిన పంతులును. ఈ విషయమున దెబ్బతిని నేర్చుకొన్నవాడను. నా దెబ్బ మరియొకరికి తగులకుండుటకే ఈ మాటలు.

2018 వ సంవత్సరమున నేనును నా గృహిణియును మొదటిసారి మా కుమారుని యొద్దకు పోయితిమి. ప్రయాణమునకు ముందు బీమా తీసికొనవలెనని అతడు చెప్పెను. నేను పత్రములన్నియు చూచి, అన్నిటికంటె చౌకయైన దానిని ఎంచితిని. దానిపై యాభైవేల డాలర్లు అని పెద్ద అక్షరములతో వ్రాసియుండెను. అది చాలునని తలచితిని. పిల్లలకు ముప్పదియేండ్లు, ప్రశ్నపత్రమును ఆసాంతము చదివి పిమ్మట సమాధానము వ్రాయుడని బోధించినవాడను, నా కాగితమును నేనే ఆసాంతము చదువనైతిని.

పోయిన రెండవ మాసమున నా గృహిణికి చలిజ్వరము వచ్చి, అది న్యుమోనియా అయ్యెను. మూడు దినములు ఆసుపత్రిలో నుండెను. వైద్యము చక్కగా జరిగెను. ఇంటికి వచ్చిన మూడువారములకు బిల్లు వచ్చెను. 38,400 డాలర్లు! బీమావారు ఇచ్చినది 4,980 డాలర్లు. యాభైవేలు అని వ్రాసి ఐదువేలైనను ఇయ్యరేమని నేను కోపగించితిని. మా కుమారుడు ఆ పత్రమును నాచేతికిచ్చి, "నాన్నగారండీ, వాళ్ళు మోసం చెయ్యలేదండి. ఇదిగో, ఇక్కడ రాసే ఉంది" అని చూపెను. ఆసుపత్రిలో నున్న దినమొక్కంటికి ఇంత, అత్యవసర విభాగమునకు ఇంత, పరీక్షకు ఇంత అని లోపలి పుటలలో పట్టిక యుండెను. ఆసుపత్రివారు ఎంత అడిగినను, పట్టికలో నున్నంతయే వారిత్తురు. యాభైవేలనునది వారిచ్చు మొత్తమునకు పైహద్దు మాత్రమే.

ఇట్టి బీమాను నిర్ణీత చెల్లింపు బీమా యందురు. దీనిని మనకు తెలిసిన పోలికతో చెప్పెదను. పెండ్లికి పోయి మనము నూటపదహారులు చదివింతుము. ఆ పెండ్లికి లక్షయైనను పదిలక్షలైనను మన చదివింపు నూటపదహారులే. నిర్ణీత చెల్లింపు బీమా అట్టి చదివింపు. పెండ్లివారి వ్యయముతో దానికి సంబంధము లేదు.

రెండవ రకము సమగ్ర బీమా. ఇది చదివింపువలె గాక పాలివానివలె వ్యయములో భాగము పంచుకొనును. మొదట కొంత మొత్తము మనమే భరింపవలెను. దానిని డిడక్టిబుల్ అందురు. అది దాటిన పిమ్మట వ్యయములో నూటికి ఎనుబది పాళ్లు బీమావారును ఇరువది పాళ్లు మనమును పెట్టుకొనుట, ఒక హద్దు దాటిన పిమ్మట పత్రములో వ్రాసిన గరిష్ఠమొత్తము వరకు అంతయు వారే పెట్టుకొనుట పలు పత్రములలో కనబడు పద్ధతి. దీనికి ప్రీమియము ఎక్కువ. ఐనను పరదేశమున పెద్ద రోగము వచ్చినప్పుడు నిజముగా అక్కరకు వచ్చునది ఇదియే. చౌకదానికిని దీనికిని గల భేదము ప్రయాణమునాడు కొన్ని వందల డాలర్లుగా కనబడును. ఆసుపత్రినుండి వచ్చిననాడు అది వేలలో కనబడును.

మా బిల్లు కథ ముగించెదను. మా కుమారుడు ఆసుపత్రివారిని పద్దుపద్దుగా వ్రాసిన వివరపు బిల్లు అడిగెను. దానిలో ఒకే పరీక్ష రెండుమారులు లెక్కింపబడి 2,200 డాలర్లు అదనముగా చేరియుండెను. దానిని కొట్టివేసిరి. ఆ దేశమున లాభాపేక్షలేని ఆసుపత్రులు చెల్లింపజాలనివారికి సహాయపద్ధతి యొకటి వ్రాసి పెట్టుకొనవలెనని చట్టము కలదు. దానిని పట్టి అతడు అర్జీ పెట్టుకొనగా తగ్గించి తగ్గించి తుదకు 14,000 డాలర్లకు ఒప్పుకొనిరి. నెలకు 500 చొప్పున ఇరువదియెనిమిది మాసములు అతడు కట్టెను. అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదందురు. అచ్చట బిల్లు వచ్చినవెంటనే పూర్తిమొత్తము చెల్లింపక, వివరము అడిగి, తగ్గింపు అడిగి, వాయిదాలు అడుగుట తప్పు కాదు, సిగ్గు కాదు.

ధననష్టము గడచిపోయినది. దానికంటె పెద్ద కీడు పిమ్మట జరిగినది. 2022 వ సంవత్సరమున మేము మరల పోయితిమి. ఈ మారు సమగ్ర బీమాయే తీసికొంటిని. ఒకనాటి రాత్రి నా గృహిణి నిద్రలేక కూర్చుండియుండెను. ఏమని అడుగగా ఏమియు లేదనెను. నాలుగుదినములు గడచెను. కాళ్ళు వాచి, మెట్లెక్కుటకు ఆయాసపడుచుండగా చూచి నేను గద్దించితిని. అప్పుడామె, "ఏమండీ, అబ్బాయి ఆ బాకీ తీర్చి ఏడాదైనా కాలేదు. మళ్ళీ నా మూలంగా వాడి మీద ఇంకొకటి ఎక్కడ పడుతుందోనని చెప్పలేదండీ" అని కన్నీరు పెట్టుకొనెను.

శ్రోతలారా, ఆ రాత్రి నాకు బీమా యొక్క యర్థము తెలిసినది. డబ్బు వచ్చుట దాని రెండవ ఫలము. నాకు నొప్పిగా నున్నదని నోరు తెరచి చెప్పగల ధైర్యము దాని మొదటి ఫలము. పరదేశములోని మన పెద్దలు బిడ్డల బరువు తలచి రోగములు దాచుకొనుచున్నారు. దాచిన రోగము ముదిరి పిమ్మట పదింతల బరువగుచున్నది. నేను పత్రము తెచ్చి ఆమె ముందుంచి, మన భాగమెంతయో, బీమావారి భాగమెంతయో లెక్క వ్రాసి చూపితిని. అప్పుడు గాని ఆమె వైద్యునియొద్దకు రాలేదు. గుండె బలహీనపడి నీరు చేరినదని తెలిసినది. సకాలమున మందులు పడుటచే ఆసుపత్రిలో నుండు అవసరము లేకయే కుదుటపడినది.

అందుచేత నా మొదటి సలహా యిది. బీమా తీసికొన్నవాడు ఆ పత్రమును పెట్టెలో దాచరాదు. భార్యాభర్తలిరువురును, బిడ్డలును కూర్చుండి చదువుకొనవలెను. జబ్బుచేసిననాడు ఏ ఫోనుకు చెప్పవలెనో, ఏ ఆసుపత్రికి పోవలెనో, చేతినుండి ఎంత పడునో అందరికిని తెలిసియుండవలెను.

ఇక ఎంచుకొను పద్ధతి. అన్నిటికంటె ముందు అడుగవలసినది, మనము ఎన్నాళ్ళుండుటకు ఏ హోదాతో పోవుచున్నాము అనునది. చూచి వచ్చుటకు పోవువాడు వేరు, స్థిరపడుటకు పోవువాడు వేరు.

చూచి వచ్చుటకు పోవువారికి సందర్శకుల బీమా దారి. దీనియందు ముఖ్యముగా చూడవలసినది పూర్వవ్యాధుల సంగతి. వ్యాకరణము చదివినవారికి ఉత్సర్గము, అపవాదము అనునవి తెలియును. ఉత్సర్గము సామాన్యవిధి. అపవాదము దానికి మినహాయింపు. రెండును తారసిల్లినప్పుడు అపవాదమే బలవత్తరము. బీమాపత్రమును అట్లే చదువవలెను. మొదటి పుటలో నున్న వాగ్దానము ఉత్సర్గము. చిన్న అక్షరములలో నున్న మినహాయింపులు అపవాదములు. రోగము వచ్చిననాడు గెలుచునది అపవాదమే.

మధుమేహము, రక్తపుపోటు, గుండెజబ్బు, ఆయాసము ముందునుండియే యున్నవారికి, వానివలన కలుగు వైద్యవ్యయమును సందర్శకుల బీమాలు సాధారణముగా ఇయ్యవు. కొన్ని పత్రములు మాత్రము పూర్వవ్యాధి ఆకస్మికముగా తీవ్రమైనచో కొంత హద్దువరకు ఇత్తుమని చెప్పును. ఇందు మూడు మెలికలు కలవు. ముందు లక్షణము లేమియు లేక హఠాత్తుగా రావలెను. ఇరువదినాలుగు గంటలలోపల వైద్యము పొందవలెను. వయస్సు వారు చెప్పిన హద్దులోపల నుండవలెను. డెబ్బదియేండ్లు దాటినవారికి ఈ హద్దులు మిక్కిలి తగ్గిపోవును. నాలుగుదినములు నొప్పి దాచుకొన్నవాడు ఇరువదినాలుగు గంటల నియమము తప్పినవాడే. దాచుటవలన దేహమునకును కీడు, బీమాకును కీడు.

మరియొక మాట. దరఖాస్తులో వ్యాధిని దాచుట పనికిరాదు. మందులచీటీలు, వైద్యుని వ్రాతలు అన్నియు తరువాత బయటపడును. దాచినవాని బీమా అక్కరనాడు విరిగిపోవు ఊతకర్ర. మందులను మాత్రము ఉండదలచిన కాలమునకు సరిపడునట్లు ఇచ్చటనే కొని, వైద్యుని చీటీతో గూడ పట్టుకొనిపోవుట మేలు.

బీమావారితో ఒప్పందము గల ఆసుపత్రులు మా పిల్లలుండు ఊరిలో కలవా అని రెండవదిగా అడుగవలెను. ఒప్పందము గల చోట ఆసుపత్రివారు బిల్లును నేరుగా బీమావారికి పంపుదురు, ధరయు తగ్గును. లేనిచోట మనము చెల్లించి పిమ్మట వసూలు చేసికొనవలసివచ్చును. ప్రాణాపాయమైనప్పుడు మాత్రము ఈ విచారణ పనికిరాదు. అమెరికాలో 1986 వ సంవత్సరపు చట్టము ననుసరించి అత్యవసర విభాగము గల ఆసుపత్రులు రోగి చెల్లింపగలడా లేడా యని చూడక పరీక్షించి, ప్రాణము కుదుటపరుపవలెను. బిల్లు పిమ్మట వచ్చును గాని, వాకిట నిలిపి పొమ్మనుటకు వీలులేదు. ఇది మన పెద్దలందరును తెలిసికొనవలసిన సంగతి.

మూడవది చెప్పుటకు నోరు రాదు గాని చెప్పక తప్పదు. పరదేశమున కన్నుమూసినచో దేహమును స్వదేశము చేర్చు వ్యయమును బీమావారు ఇత్తురా లేదా యని చూడవలెను. కాశికి పోవువాడు ఈ విచారమును ముందే చేసికొనెడివాడు గదా! మనమును చేసికొందము. అది అపశకునము కాదు, బిడ్డలకు చేయు ఉపకారము.

ఇక స్థిరపడుటకు పోవువారి సంగతి. కుమారుడో కుమార్తెయో అమెరికా పౌరులైనచో తలిదండ్రులకు గ్రీన్ కార్డు తెప్పింపవచ్చును. అచ్చట అరువదియైదేండ్లు నిండిన పెద్దలకు మెడికేర్ అను ప్రభుత్వబీమా కలదు. 1965 వ సంవత్సరము జూలై 30 వ తేదీన అధ్యక్షుడు లిండన్ జాన్సను దాని చట్టముపై సంతకము చేసెను. ఈ పేరు విని మనవారు అనేకులు పొరబడుచున్నారు. గ్రీన్ కార్డు చేతికి వచ్చిననాడే మెడికేర్ వచ్చునని తలచుచున్నారు. అది నిజము కాదు.

ఆ దేశమున పదియేండ్లు, అనగా నలువది త్రైమాసికములు, పనిచేసి పన్నుకట్టినవారికి ఆసుపత్రి భాగము ప్రీమియము లేకుండ లభించును. మనవంటివారు అచ్చట పని చేసియుండము. మనము గ్రీన్ కార్డుతో ఐదేండ్లు ఎడతెగక నివసించిన పిమ్మట, ప్రీమియము చెల్లించి చేరవచ్చును. ఆ ప్రీమియము స్వల్పము కాదు. 2025 వ సంవత్సరమున ఆసుపత్రి భాగమునకు నెలకు 518 డాలర్లు పూర్తి ప్రీమియము, వైద్యుల భాగమునకు నెలకు 185 డాలర్లు సామాన్య ప్రీమియము. మందులకు మరల వేరుగా కలదు. చేరవలసిన గడువున చేరనిచో వైద్యుల భాగమునకు ఆలస్యమైన ప్రతి సంవత్సరమునకును నూటికి పది చొప్పున అపరాధము పడును. అది ఒకసారి కట్టి వదలునది కాదు, వెంటనే యుండునది.

మరి ఆ ఐదేండ్లును ఏమి చేయవలెను? ఇచ్చట సందర్శకుల బీమాతో కాలము గడుపువారు కలరు. అది తగదు. 2010 వ సంవత్సరపు చట్టము ననుసరించి అచ్చట బీమా విపణి యొకటి ఏర్పడినది. గ్రీన్ కార్డు గలవారు దానియందు బీమా కొనవచ్చును. 2014 నుండి ఆ విపణిలోని బీమావారు పూర్వవ్యాధి యున్నదని కాదనరాదు, దానికై ఎక్కువ వసూలు చేయరాదు. వయస్సునుబట్టి మాత్రము ఎక్కువ తీసికొందురు. మధుమేహము, గుండెజబ్బు గల పెద్దలకు సందర్శకుల బీమాకును దీనికిని హస్తిమశకాంతరము కలదు. ఐతే దానిలో చేరుటకు గడువులు కలవు. క్రొత్తగా స్థిరపడవచ్చినవారు వచ్చినవెంటనే విచారింపవలెను. జాప్యము చేసినచో మరుసటి గడువు వరకు వేచియుండవలసివచ్చును.

నా సహోపాధ్యాయుడొకడు ఇట్లే కుమార్తెయొద్ద స్థిరపడినాడు. ఐదేండ్లు విపణిలోని బీమాతో గడపి, గడువు దాటకుండ మెడికేరులో చేరినాడు. అతనికి తెలియక తెలిసిన విషయ మొకటి, అందరికిని పనికివచ్చునది. సామాన్యముగా మెడికేరు అమెరికా యెల్లలు దాటి పనిచేయదు. పండుగకు పెద్దాపురము వచ్చి కాలు విరుగగొట్టుకొన్నప్పుడు, నెలకు వందలడాలర్లు కట్టుచున్నను, కాకినాడలో వైద్యమునకు తన సొమ్మే పెట్టుకొనెను.

అమెరికాయే లోకము కాదు. కెనడాలో 2011 నుండి తలిదండ్రులకు సూపర్ వీసా కలదు. దానికి కనీసము లక్ష కెనడా డాలర్ల ఆరోగ్య బీమా ఒక సంవత్సరమునకు చూపవలెను. అనగా అచ్చట బీమా మన యిష్టము కాదు, వీసాకు నియమము. ఐరోపాలోని షెన్‌జెన్ దేశములను చూడబోవువారు 30,000 యూరోలకు తగ్గని బీమా చూపవలెను. బ్రిటనులో 1948 నుండి జాతీయ వైద్యసేవ కలదు గాని, ఆరుమాసములలోపల చూచిపోవువారు ఆసుపత్రిలో చేరినచో నూటికి నూటయాభై వంతున వసూలు చేయుదురు. కావున ఉచితవైద్యపు దేశమని నమ్మి వట్టిచేతులతో పోరాదు. ఏ దేశమునకు ఆ దేశపు నియమము విచారింపవలెను.

తుదిగా, మనవారు తరచుగా చేయు తప్పు ఒకటి, నేనును చేసినది. 2018 లో పరదేశమునకు పోవుచు, ఇచ్చటి ఆరోగ్య బీమా అనవసరమని తలచి దానికి ప్రీమియము కట్టుట మానితిని. సంవత్సరమునకు కొన్ని వేల రూపాయలు మిగిలినవని సంతోషించితిని. తిరిగివచ్చి క్రొత్త పాలసీ కొనగా, పూర్వవ్యాధులకు వేచియుండవలసిన కాలము మొదటినుండి లెక్కింపసాగిరి. కంటిశుక్లములకు రెండేండ్లు ఆగుమనిరి. కన్ను ఆగదు గదా! ఆ శస్త్రవైద్యము నా పింఛనులోనుండి చేయించుకొంటిని.

అందుచేత పరదేశమున బీమా యున్నను స్వదేశపు బీమాను తెగనీయరాదు. రెండును రెండు ఊళ్ళకు గొడుగులు. ఒక యూరి గొడుగు మరియొక యూరి వానకు పట్టదు. ప్రీమియము గడువు దాటినచో, సంవత్సరమునకు ఒకసారి కట్టువారికి ముప్పది దినముల మినహా గడువు కలదు. పరదేశమున నున్నవాడు ఆ తేదీని గోడమీది క్యాలెండరులో వ్రాసికొనవలెను, లేక బ్యాంకునుండి దానంతట అది కట్టబడునట్లు ఏర్పాటు చేసికొనవలెను.

మన దేశమున ఇటీవల వృద్ధులకు కొన్ని మేళ్ళు కలిగినవి. 2024 ఏప్రిలునుండి అరువదియైదేండ్లు దాటినవాడని బీమావారు తలుపు మూయరాదు. పూర్వవ్యాధులకు వేచియుండు కాలము నాలుగేండ్లనుండి మూడేండ్లకు మించరాదని తగ్గింపబడినది. ఎడతెగక ఐదేండ్లు బీమా నడిచిన పిమ్మట, మోసము రుజువైననే తప్ప, వ్యాధి చెప్పలేదను సాకుతో సొమ్ము నిరాకరింపరాదు. 2025 జనవరిలో, అరువదియేండ్లు దాటినవారి ప్రీమియమును నియంత్రణ సంస్థతో సంప్రదింపక సంవత్సరమునకు నూటికి పదికి మించి పెంచరాదని ఉత్తరువైనది. 2025 సెప్టెంబరు 22 వ తేదీనుండి వ్యక్తుల ఆరోగ్య బీమాపై నూటికి పదునెనిమిది చొప్పున నుండిన జి.ఎస్.టి. పన్ను తొలగింపబడినది. డెబ్బదియేండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేక కుటుంబమునకు సంవత్సరమునకు ఐదులక్షల రూపాయల వరకు వైద్యమిచ్చు కేంద్రప్రభుత్వ పథకము 2024 అక్టోబరు 29 వ తేదీన మొదలైనది. ఇది ఆధారుతో పొందదగినది, పథకములో చేరిన ఆసుపత్రులలో మాత్రమే చెల్లునది.

బీమావారు అన్యాయముగా సొమ్ము నిరాకరించినచో ఊరకుండవలదు. ముందుగా వారికే వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను. నెలదినములలో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు తృప్తికరము గాకున్నను, సంవత్సరములోపల బీమా అంబుడ్స్‌మన్ అను న్యాయాధికారికి అర్జీ పెట్టుకొనవచ్చును. మన రాష్ట్రమునకు ఆ కార్యాలయము హైదరాబాదులో కలదు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

మీరు అడుగవచ్చును, పంతులుగారూ, ఇన్ని చిక్కులుండగా అసలు పోవుట యెందుకు, ఉన్న ఊరిలో ఉండరాదా యని. ఈ మాట నా గృహిణియు నేనును చాల రాత్రులు చర్చించుకొన్నాము. మా కుమారుడు 2023 లో గ్రీన్ కార్డు తెప్పింతుననెను. మేము కాగితము తీసికొని రెండువైపుల వ్రాసితిమి. ఒకవైపు మనుమల మాట, కుమారుని తోడు. రెండవవైపు ఐదేండ్ల బీమా, ఆమె గుండె, ఇచ్చట తెలిసిన వైద్యుడు, తెలుగులో చెప్పుకొనగల నొప్పి. తుదకు స్థిరపడవలదనియు, ఆమె ఆరోగ్యము కుదురుగా నున్న సంవత్సరములలో నాలుగు మాసములు పోయి వచ్చుటయు, ఇచ్చటి బీమాను ఎన్నడును తెగనీయకుండుటయు నిశ్చయించుకొంటిమి. ఇది మా లెక్క. ఇచ్చట చూచువారు లేనివారికి, బిడ్డయొక్కడే దిక్కైనవారికి లెక్క వేరగును. నా సహోపాధ్యాయుడు స్థిరపడి సుఖముగా నున్నాడు. ఏ నిర్ణయమైనను తప్పు కాదు. లెక్క వేయకుండ చేసిన నిర్ణయమే తప్పు.

కావున ప్రయాణపు టికెట్టు కొనుటకు ముందే పిల్లలతో కూర్చుండుడు. మీ వ్యాధులన్నియు దాచక వారికి చెప్పుడు. పత్రములోని మినహాయింపులను వారిచేత తెలుగులో చెప్పించుకొనుడు. అర్థము కానిచో మరల అడుగుడు. డెబ్బదియేండ్లవాడు ప్రశ్న అడుగుటకు సిగ్గుపడవలసిన పనిలేదు. అటుపిమ్మట అక్కడ నొప్పి వచ్చిననాడు, నోరు తెరచి బిడ్డతో వెంటనే చెప్పుడు. బీమా కట్టినది అందుకొరకే.

ఇంతటితో విరమించుచున్నాను. సెలవు.